పొద్దుగాల పరీక్ష

కొత్తవాడల ఒక్క మగ్గం సప్పుడన్న లేవకముందే
ఓదెమ్మ నా మొకం మీద టార్చి కొడ్తది.
నవ్వు, అంటది.
నవ్వుత. కుడిమూతి రాదు, అది పాత లెక్కే.
ఎడమ చెయ్యి లేపు, అంటది.
సచ్చిన చేతిని ఎన్నడు అడగదు,
భయమంత బతికున్నదానికే.

ఇగ జంపఖానా అను.
ఆ దినం పడుగు మీద కూలినప్పుడు
'జం' కాడ్నే తెగిన మాట అది.
ఏడు నెలల సంది పోగు పోగు అతికి
జం-ప-కానా దాక నేసిన.

ఎంజీఎంల డాక్టరు చెప్పిండు:
ఒకసారి వచ్చింది తొవ్వ మర్వదు.
గోలీలు, ఉప్పు లేని పప్పు,
మామిడి తొక్కు జాడి అటుక మీద.
రాత్రి నా ఊపిరి మారితే
ఆమె గాజులు మెసుల్తయి.

ఇయ్యాల నేనే అడిగిన:
ఓదెమ్మా, నువ్వొకసారి నవ్వు.

టార్చి ఆర్పింది.