విదేశంలో మొదటి రోజు, శంషాబాద్

ఇరవై ఎనిమిదేండ్లు
టికెట్ టికెట్ అని అరిచిన గొంతులు నాలుగు
పొద్దుగాల మూడున్నరకు
ముషీరాబాద్ డిపో గేటు కాడ కలుసుకున్నయి.
కొత్త బూట్లల్ల అండాలు అప్పుడే కుంటుతున్నది.
ఫిలోమినా మెడకు గాలి దిండు,
విమానం ఇంకా పదమూడు స్టాపుల అవతల ఉండంగనే.
నసీమ్ పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టింది,
తప్పిపోతే గుర్తుపట్టనీకి.

రిటైరైనోళ్ల పాసు మేమెవ్వరం తియ్యలే.
"ఇయ్యాల ఫుల్ టికెటే" అని
అండాలు ఐదు వందల నోట్లు చాపింది.
"చిల్లర లేదక్కా, దిగేటప్పుడు తీస్కో."
ఆ మాట మేం ఎన్ని లక్షల మందికి చెప్పినమో,
ఒక్కసారే అందరూ కలిసి
మాకు తిరిగి చెప్పినట్టున్నది.
(దిగేటప్పుడు మర్చిపోయినం.
అందరూ మర్చిపోయేటోళ్లే.)

ఆరాంఘర్ కాడ అడ్డంగ గొర్రెల లారీ.
నలభై నిమిషాలు.
ఫిలోమినా జపమాల, నసీమ్ దువా,
అండాలు కిటికీలకెల్లి తల పెట్టి తిట్లు,
ఎవరిది పని చేసిందో గని
గొర్రెలు జరిగినయి.

కౌంటర్ల పిల్ల మా సామాను తూచి
నాలుగు కిలోలు ఎక్కువన్నది.
కొలంబోల తినడానికని మోసుకొచ్చిన సర్వపిండి
నేల మీద పేపర్ పరిచి అక్కడ్నే తిన్నం.
కిలోన్నర తగ్గింది. మిగిలింది
అటు పోయే టై కట్టుకున్నాయనకు ఒకటి,
ఊడ్చే ఆమెకు మూడు.
తొక్కు డబ్బా మాత్రం ఫిలోమినా ఇయ్యలే,
పైసలు కట్టింది.

సెక్యూరిటీ కాడ ఆగింది అసలు కథ.
అండాలు సంచిల పాత టికెట్ పంచు.
మెషిన్లు రాకముందు వాడిందట,
డిపోల జమ చెయ్యకుండ దాచిందట,
మాకు సుత చెప్పలే.
"ఇదేంది? పదునుంటదా?"
"దానికి లేదు బిడ్డా. నాకే ఉంటుండె."
డబ్బాల వేసే ముందు
ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారని బతిమాలి
మా నలుగురి బోర్డింగ్ కాయితాలకు
తలా ఒక చిల్లు కొట్టింది.
టక్. టక్. టక్. టక్.

ఆ చిల్లు సరిగ్గ నల్లగీతల నడుమ పడ్డది.
గేటు కాడ మెషిన్‌కు మేం కనపడలే.
ఎర్ర లైటు. మళ్ల ఎర్ర లైటు.
ఎనుకకెల్లి జనం గులుగుడు.
ఫుట్‌బోర్డు మీద ఇరుక్కున్నోళ్లను చూసి
"జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి" అన్నోళ్లం,
ఎటు జరగాల్నో తెల్వక నిలబడ్డం.
కొత్త కాయితాలొచ్చేసరికి
నసీమ్ లేదు.
నమాజు గదిల, గోడకు ఒరిగి, పెట్టెకు కట్టంగ మిగిలిన రిబ్బను
వేలికి చుట్టుకొని నిద్రపోతున్నది.

ఎక్కినం. బెల్టు పెట్టుకున్నం.
రెండున్నర గంటలు విమానం
దమ్ము పట్టిన ముసలోని లెక్క మూలిగి
ఊకున్నది.
దింపిండ్రు.

నేను ఎన్నడూ సముద్రం చూడలే.
ఈ సంగతి వాళ్లకు చెప్పలే, ఇప్పుడు గూడ.

రాత్రి శంషాబాద్ లాడ్జిల
ఇద్దరి మంచం మీద నలుగురం,
పాస్‌పోర్టులు తెరిచి చూసుకున్నం.
పోయిండ్రని ఒక ముద్ర.
పోలేదని దాని మీద ఇంకో ముద్ర.
"నడుమ తొమ్మిది గంటలు
మనం యాడున్నట్టు?" అన్నది ఫిలోమినా.
"స్టేజీకి స్టేజీకి నడుమ" నసీమ్ జవాబు.
"మరి టికెట్ ఎవ్వలు కొడతరు?"
పక్క గదోళ్లు గోడ గుద్దేదాక నవ్వినం.
తొక్కు డబ్బా తెరిచినం. రొట్టె లేదు,
వేళ్లతోనే నాకినం.

లైటు తీసినంక
అద్దంల రింగు రోడ్డు లారీల వెలుతురు.
అండాలు నిద్రల ఉన్నది.
బొటనవేలు, చూపుడువేలు
దగ్గరకొస్తున్నయి, విడిపోతున్నయి,
మళ్ల దగ్గరకు.
ఎవల టికెట్లో, ఏ రూట్లనో.
నేను లెక్కబెట్టుకుంట పండుకున్న.
పదిహేడు దాక గుర్తున్నది.