ముప్పై రెండు అంగుళాలు

చీటీ పాడితే చేతికొచ్చినవి పదమూడు వేలు.
అందులో వెయ్యి విడిగా ముడేశాను
ఆటోకి, గోడకి మేకులు కొట్టేవాడికి,
దారిలో అమ్మ సోడా అడిగితే దానికి.

అరండల్‌పేటలో ఆ షాపు గుమ్మం దగ్గర
అమ్మ చెప్పులు విడిచింది.
"అక్కర్లేదమ్మా" అన్నాను.
"ఇంత తెల్లటి నేల మీదా?" అని
మునివేళ్ల మీద లోపలికి నడిచింది.

గోడంతా టీవీలు.
ఊరూ పేరూ తెలియని ఎర్ర చిలక ఒకటి
నలభై తెరల్లో ఒక్కసారే తల తిప్పింది.
ఆ వెలుగుకి అమ్మ కళ్లు నీళ్లు కారాయి.
అరచెయ్యి ఎత్తలేదు. భుజం వంచి
మోచేతి పైభాగంతో ఒత్తుకుంది.
పని మానేసి ఆరేళ్లయింది,
ఆ చేతుల్ని ఇంకా నమ్మదు.

యార్డు అవతల కోల్డ్ స్టోరేజీలో
ఇరవై ఆరేళ్లు ముచ్చికలు తీసిన మనిషి.
కాయ చేతిలో పడకముందే
తాలో మేలో చెప్పే కన్ను.
తేజ ఎరుపు వేరు, బ్యాడిగి ఎరుపు వేరు,
మంచుకి తడిసినది వేరు,
తూకం కోసం తడిపినది వేరు.

ఒక్కో టీవీ ముందు నిలబడి
బస్తా మూతి విప్పినట్టు చూసింది.
"ఇది రంగేసిన కాయ."
"ఇది నిరుటి సరుకు."
"ఇదేమో పైన మేలు, అడుగున తాలు."
సేల్స్ కుర్రాడు ఫణీంద్ర నవ్వాపుకుంటూ
"మామ్మగారూ, ఇది ఫోర్‌కే" అన్నాడు.
"నాలుగు వేలకేనా!" అంది అమ్మ,
నా చెయ్యి గట్టిగా నొక్కి.

నిజం చెప్పొద్దూ,
నాకు నలభై మూడు అంగుళాల మీదే మనసు.
పెట్రోలు బంకులో రోజంతా
ఒకరి డబ్బు ఒకరికి లెక్కపెట్టే దాన్ని,
మా ఇంట్లోనూ ఒక పెద్ద వస్తువుంటే
చూసుకోవాలని ఉండదా?
నెలకి పద్దెనిమిది వందలు, వడ్డీ లేదన్నాడు ఫణీంద్ర.
"వడ్డీ లేకుండా అప్పిచ్చేవాణ్ణి
మా పేటలో ఇంతవరకు చూళ్లేదు నాయనా.
ఆ చిలకని తీసేసి వాతావరణం పెట్టు."

అమ్మ రోజూ చూసేది అదొక్కటే.
కళ్లాల్లో కాయ ఆరబోసి ఉంటే
వానొస్తుందేమోనని బెంగ.
అందులో ఒక్క కాయ మాది కాదు,
ఎప్పుడూ కాలేదు.

నలభై తెరల్లో బంగాళాఖాతం.
నీళ్ల మీద తెల్లటి సుడి.
అడుగున వార్తల అక్షరాలు పాకుతున్నాయి.
యాభయ్యో ఏట రాత్రిబడిలో దిద్దిన చదువు,
పెదాలు కదుపుతూ కూడబలుక్కుంది.
"దక్షిణ... కో... స్తా..."
అక్షరాలు ఆగలేదు. తెర అంచు దాటిపోయాయి.

"పెద్దది కొంటే
నెమ్మదిగా వెళ్తాయా బాబూ?"

వాట్లూ వారంటీలూ వైఫైలూ
కంఠతా వచ్చిన ఫణీంద్ర
మొదటిసారి నా వైపు చూశాడు.
"వెళ్లవమ్మా" అన్నాడు కాసేపాగి,
మామ్మగారు మానేసి.
"ఎంత పెద్దదైనా అదే వేగం."

"అయితే ఆ మూలది ఇయ్యి."
ముప్పై రెండు. పదకొండు వేల నాలుగొందల తొంభై.
"దాని ఎరుపు కొంచెం తక్కువే.
అబద్ధం మాత్రం ఆడట్లేదు."

పాత డబ్బా ఇస్తే ఐదొందలు తగ్గిస్తామన్నారు.
ఇవ్వనంది. ఇప్పుడు దాని మీద
బియ్యం డబ్బా కూర్చుంది.
కొత్తదాని తెర మీది ప్లాస్టిక్ కాగితం
పన్నెండు రోజులైనా తియ్యనివ్వలేదు.
అంత ఏరి తెచ్చిన ఎరుపు
మసగ్గానే కనిపిస్తోంది.

రాత్రి ఏడింటికి రిమోట్ ఒళ్లో పెట్టుకుని
సగం దాకా తను చదువుతుంది.
మిగతా సగం
అన్నం కలుపుతూ నేను అందుకుంటాను.
"...లో ఒక మోస్తరు వానలు."
"ఎప్పుడంట?"
"రేపు సాయంత్రమంట."
"ఎవరి కాయ బయటుందో ఏమో" అంటుంది.