హోకీపా ఒడ్డున, డ్యూటీ దిగాక

మొదట రాళ్లనుకున్నాను.
ఒక రాయి మెడ చాచి, బుస్సుమని ఊపిరి వదిలి
మళ్లీ రాయైపోయింది.

సాయంత్రం ఐదు. కాళ్లకింకా ఆస్పత్రి బూట్లే,
జేబులో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్.
ఎర్రతాడు కట్టి కాపలా కూర్చున్న పువానాని
గొడుగు నీడ నావైపు కాస్త జరిపి
"ఇవాళ ముప్పైనాలుగు" అంది,
విస్తళ్లు లెక్కేసుకుంటున్న పెళ్లివారి మనిషిలా.

అలవాటు పోదు కదా,
గడియారం చూస్తూ ఒకదాని ఊపిరి లెక్కపెట్టబోయాను.
ఒకటి.
ఒకటి దగ్గరే నిమిషాలు గడిచిపోయాయి.
మా వార్డులో అయితే ఈపాటికి
గంటలు మోగేవి, నలుగురం పరుగెత్తేవాళ్లం.

తాడు మీదికి వంగిన పిల్లాడు
"అది ఏడుస్తోంది" అన్నాడు.
నిజమే, కంటికొసన జిగురుగా ఓ ధార,
దానికి అంటుకున్న ఇసుక.
"ఏడుపు కాదు నాన్నా, ఉప్పు.
తాగిన సముద్రంలో ఎక్కువైనదాన్ని
కంట్లోంచి తోసేస్తుంది."

పొద్దుటి మూడో నంబరు కుర్చీ గుర్తొచ్చింది.
ఒకప్పుడు చెరకు కొట్టిన అగ్బయానీ గారు.
చేతికి రెండు సూదులు, బీరువా అంత యంత్రం,
నాలుగు గంటలు:
చిటికెడు ఉప్పూ చెంబెడు నీళ్లూ తియ్యడానికి.
"ఉప్పు తగ్గించండి" అంటే నవ్వుతాడు,
"చుట్టూ సముద్రం పెట్టుకునా?"

వెలుతురు పల్చబడింది.
పెద్ద తాబేలు ముందుకాలితో ఇసుక తోడి
తన వీపు మీదే చల్లుకుంది.
పిల్లాణ్ణి ఎవరో పిలుచుకుపోయారు.
నేను బూట్లు విప్పి, మడమలు ఇసుకలోకి దించి
ఎందుకొచ్చానో మర్చిపోయేంతలో

బుస్సుమని.

రెండు.