పొల్లు

క్లాక్స్‌విక్ రేవులో, చేపల శాఖ రెండో అంతస్తులో
నా బల్ల మీది కంప్యూటర్ నాది కాదు.
దాని మీద ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో
టోర్స్‌హావ్న్‌లో కూచుని బార్దుర్ నిర్ణయిస్తాడు.
విండోస్ కాని మాట వింటే మొహం ముడుచుకునే మనిషి.
మూడుసార్లు ఉత్తరం రాశాక ఒక గది ఇచ్చాడు:
విండోస్ లోపలే లినక్స్.
ఇంట్లో ఇల్లు.

నల్లటి గది. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు,
రెప్ప కొట్టుకునే గీత ఒక్కటే.
ఏం కావాలో నోరు విప్పి చెప్పు, అంటుంది.
తప్పు చెబితే తప్పంటుంది.
ఒప్పు చెబితే ఏమీ అనదు.
మా అమ్మమ్మ సున్నీవా కూడా అంతే.

ఇక్కణ్ణుంచి పెద్దింటి కొట్టుగదికి సన్నటి దారి ఒకటుంది.
అక్కడ దొరికింది హానుస్ ఫైలు.

ముప్ఫై ఒక్క ఏళ్లు, రోజూ పొద్దున ఆరింటికి
పడమటి కట్ట చివరిదాకా నడిచి
తాడు కట్టిన థర్మామీటరు సముద్రంలో ముంచాడు హానుస్.
తిరిగొచ్చి ఓ అంకె కొట్టాడు. ఎంటర్ నొక్కాడు.
గాలివాన రోజుల్లోనూ. కూతురి పెళ్లి రోజునా.

వాటి సగటు కావాలన్నాను.
ఏడు పాయింట్ రెండు అంకె కాదు, అంది నల్లగది.
కళ్లజోడు తుడుచుకున్నాను. ఏడు పాయింట్ రెండే.
కాదు, అంది.
అరగంట వాదన. కాఫీ చల్లారింది. కింద గొర్రెలు రోడ్డు దాటాయి.
చివరికి, కనపడనివి కూడా చూపించమన్నాను.

ప్రతి వరస చివరా ఓ టోపీ, పక్కన ఎమ్.
విండోస్ కంటికి ఆనదు, లినక్స్ గొంతు దిగదు.
పొల్లు.
పాత టైపు మిషన్ బండిని
ఎడమ అంచుకి రమ్మని పిలిచే పిలుపట అది.
మిషన్లు పోయాయి. పిలుపు పోలేదు.

తిరిగి రా.
తిరిగి రా.
పదకొండు వేల పైచిలుకు సార్లు, తిరిగి రా.

ఒక్క వరస ఆజ్ఞతో చెరిగేశాను.
పొల్లు ఎగిరిపోయింది, ఒక్క అంకె కూడా పొల్లుపోలేదు.
సగటు వచ్చింది. సముద్రం వేడెక్కింది,
ఎంతో కాదు, హెరింగ్ చేపకి తెలిసేంత.

వరసలు లెక్కపెట్టమన్నాను, ఊరికే.
పదకొండు వేల మూడు వందల ఇరవై రెండు.
క్యాలెండరుతో చూస్తే ఒకటి తక్కువ.
మళ్లీ అడిగాను. అదే మాట.
దాని లెక్కలో వరసంటే చివర ఎంటర్ ఉన్నదే.
ఆఖరి రోజు అంకె ఉంది, ఆరు పాయింట్ తొమ్మిది.
తర్వాత ఎంటర్ లేదు.
టోపీ లేదు, ఎమ్ లేదు.

ఆ పొద్దున ఏమైందో ఆఫీసులో తలో మాట.
ఫోన్ మోగిందంటుంది రన్‌వా.
అప్పటికే ఎడమచెయ్యి మొద్దుబారి ఉంటుందంటాడు యోగ్వన్.
కుర్చీ వెనక్కి తోసి ఉందట. లైటు వెలుగుతూనే ఉందట.

ఎంటర్ మీద నా వేలు చాలాసేపు ఉంది.
నొక్కితే లెక్క సరిపోతుంది.

బార్దుర్‌కి పంపే కాగితంలో రోజుల సంఖ్య చేత్తో దిద్దాను.
ఇప్పుడు కట్ట చివర ఓ యంత్రం
పది నిమిషాలకోసారి సముద్రాన్ని కొలుస్తుంది.
దానికి తిరిగి రావలసిన పనిలేదు.

చెరిగిన ప్రతి నా గదిలో ఉంది.
పెద్దింట్లో ఆయన ఫైలు అలాగే ఉంది,
పొల్లులతో సహా,
ఆఖరి వరస తెరిచి