దొంగ పద్దు

కుంటౌర్ రేవులో పడవ దిగి
మోటారు సైకిలు తోసుకుంటూ గట్టెక్కుతాను.
వెనక సీటుకి తాడుతో కట్టిన రిజిస్టరు,
వానకి తడవకుండా యూరియా సంచిలో.
గాంబియా నది రెండు ఒడ్లా నన్నెరుగుదురు:
సంకుంగ్, పొట్టల లెక్కలు రాసుకునేవాడు.
పిల్లలు ఎదురొస్తారు.
మగాళ్ళే కాస్త పక్కకి తప్పుకుంటారు.

ఈ రోజు మొరిబా ఇల్లు.
ముప్పై ఎనిమిదేళ్ళు, వేరుశనగ రైతు.
మొన్న కోతలప్పుడు బస్తాలెత్తి లారీకి వేసినవాడు
ఇప్పుడు చాప మీద,
కుడి డొక్క కింద అరచెయ్యి పెట్టుకుని
ఎవరిదో సొమ్ము దాచిపెట్టినట్టు.
కళ్ళు పసుపు, కాళ్ళు పుల్లలు,
పొట్ట ఒక్కటే నిండు నెలలది.

"ఎవరో ఏదో పెట్టారు వీడికి" అంది వాళ్ళమ్మ న్యిమా.
పెట్టలేదని అనలేను.
ఎవరు పెట్టారో చెప్పే నోరూ నాకు లేదు.

పాలు తాగే రోజుల్లోనో,
అన్నదమ్ములంతా ఒకే చాప మీద
పుండ్లు గోక్కుంటూ పొర్లిన రోజుల్లోనో
కంటికానని గుమాస్తా ఒకడు లోపలికొచ్చాడు.
కార్జంలో కణం కణానికీ ఒక చిట్టా ఉంటుందట,
ఎప్పుడు పెరగాలో, ఎక్కడ ఆగాలో.
ఆ వరసల మధ్య
ఒక దొంగ పద్దు రాసి
కలం మూసి కూర్చున్నాడు.

జ్వరం లేదు, దగ్గు లేదు.
మొరిబా కుస్తీల్లో గెలిచాడు,
గడ్డి తీసేసి ఇంటికి రేకులు వేశాడు,
ఇద్దరు పిల్లల్ని భుజాల మీద మోశాడు.
గుమాస్తా తొందరపడే రకం కాదు.
వానకి నాని బూజు పట్టిన గింజలు
పారెయ్యలేని ఇంట్లో
పులుసులో ఉడికి, గంజిలో కలిసి
ఏటేటా వాడికి సిరా అందించాయి.
ఒకనాటికి చిట్టాలో
'ఆగు' అనే మాట మీద అడ్డగీత పడింది.

మంచం కోడుకి ఆనుకుని ఫోడే కూర్చున్నాడు,
పిన్ని కొడుకు, నదికి అవతల సాపు వాడు,
ఇద్దరూ ఒకే వానాకాలంలో పుట్టారు.
పుచ్చకాయ ముక్క చేసి తెచ్చాడు, ఎవరూ ముట్టలేదు.
బయటికొచ్చి బండి దగ్గర అడిగాడు:
"మేమిద్దరం ఒక గిన్నెలో తిన్నాం.
నాకెందుకు రాలేదు?"

ఆ రోజుల్లో టీకా అందరికీ సరిపడా లేదు.
ఏ ఊళ్ళకి ముందో, ఏ ఊళ్ళకి తర్వాతో
చీటీలు వేసి తేల్చారు.
"పడవ మీ ఒడ్డుకి ముందొచ్చింది" అన్నాను.
అంతకంటే పెద్ద మాట ఏ డాక్టరు దగ్గరా వినలేదు నేను.
ఫోడే తన ఎడమ తొడ తడుముకున్నాడు.
అక్కడ మచ్చ కూడా లేదు.

న్యిమా గుమ్మంలోనే ఉంది. వినేసింది.
"మా ఒడ్డుకి ఎప్పుడొచ్చింది?"
"రెండేళ్ళకి."
వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది.
మొరిబా దగ్గర ఒక వేలు ఆగింది,
తర్వాతి పిల్లాడి దగ్గర ఇంకో వేలు.
రెండు వేళ్ళ మధ్య ఖాళీని
చాలాసేపు చూసింది.

నేనూ ఆ ఖాళీలోనే పుట్టానని
ఆమెకి చెప్పలేదు.
నా రక్తంలోనూ ఒక గుమాస్తా ఉన్నాడు.
రాత్రికొక మాత్రతో
వాడి చెయ్యి పట్టుకుని ఆపుతున్నాను.
ఈ పుస్తకంలో నా పేరు లేదు,
ఇంకా.

టీకా గడిలో 'లేదు' అని రాశాను.
ఈ పేజీ నిండా అదే మాట,
అంతా నా ఈడు వాళ్ళు, కొందరు పెద్దవాళ్ళు.
కుర్రాళ్ళ కోసం కట్టిన వెనక పేజీల్లో
చెదలు తప్ప పెద్దగా రాకపోకల్లేవు.
ఇంత దస్తూరీ ఉన్నవాణ్ణి
పని లేకుండా పోవాలని కోరుకుంటాను.

"తల్లి పేరుకి చోటుందా అందులో?"
ఉందన్నాను.
"రాయి" అంది. "ఒత్తి రాయి.
వానొస్తోంది."