కంకర ఎటు పోయింది

క్రషర్ బెల్టు తెగింది.
సామాను వచ్చేదాక రెండు రోజులు పని బందు.
ఫోర్‌మన్ నోట్లెకెంచి ఆ ముక్క ఊడిపడంగనే
రాజలింగు అన్నడు: "దుబాయ్ సూసొద్దాం పా."

ఆరేండ్ల సంది దుబాయ్‌ల ఉన్నమని ఊళ్లె పేరు.
ఉన్నది రస్ అల్ ఖైమా గుట్టల నడుమ,
దుమ్ముల.
దుబాయ్ అంటే మాకు
లారీ డ్రైవర్ చీటీ మీద రాసి ఉండే పేరు.

డిసెంబర్ ఇగం.
ఆరుగురం. కోటు ఒక్కటే,
గుల్ జమాన్‌ది, పెషావర్‌ల వాళ్లన్న కుట్టింది,
మోచేతి కాడ తోలు అతుకు.
ఎవరికి సలి పెడితె వాళ్లు తొడుక్కోవాలె, అదీ ఒప్పందం.
బస్సు ఎక్కిన సంది పోశెట్టి విడువనే లేదు.

తొవ్వ పొంటి పొగమంచు.
ఒంటెలు కాళ్లు లేకుండ నడుస్తున్నయి.
ఎదురుంగ మా లారీలు, ఖాళీ డబ్బాలు ఎగిరేసుకుంట.
నంబర్లు చదువుతున్న నేను:
ఇది నిన్న రాత్రి నింపింది.
ఇది మొన్నటిది.

పట్నం వచ్చింది. మెడలు నొచ్చినయి.
సాయిలు అంతస్తులు లెక్కపెట్టవట్టిండు,
నలభై ఆరు కాడ మర్చిపోయి మళ్ల ఒకటి నుంచి.
పైకెక్కే టికెట్ ధర సూసి
టేక్ బహదూర్ నవ్విండు:
"మా ఇంటెనుక కొండ ఇంతకన్న పెద్దది. మేకలు ఉట్టిగనే ఎక్కుతయి."

నేను కిందికే సూస్తున్న.
దినాం పన్నెండు గంటలు నా చెవులల్ల పగిలేది,
ఇరవై ఎంఎం ఒక కుప్ప, పది ఎంఎం ఒక కుప్ప
జల్లించి జల్లించి పంపింది
ఇంత పెద్ద పట్నంల ఒక్క పలుకన్న కానరాదా?
అద్దాలు. అద్దాలల్ల మేము.
అద్దంల పోశెట్టి తల దువ్వుకుంటున్నడు.

పూలమడి కాడ తెల్లటి గులకరాళ్లు.
ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్న,
రాయి సంగతి నాలికకు ఎరుక మాకు.
"ఓ అన్నా, తింటవా ఏంది!"
నీళ్ల పైపు పట్టుకున్న మనిషి. మెట్‌పల్లి దిక్కోడు.
"అవి ఇటలీవట. మస్తు పైసలు. పెట్టు ఆడ."
మరి మాది?
మడిమతోని నేలను రెండుసార్లు తన్నిండు.
"మీది ఈడ. లోపట.
సిమెంటుల కలిసినంక ఇగ దానికి పేరుంటదా?"
పైపు మళ్ల చెట్ల దిక్కు తిప్పిండు.

పొద్దుమీకి తలా ఒక దిర్హం ఇచ్చి అబ్రా ఎక్కినం.
డీజిల్ వాసన, ఉప్పు నీళ్ల వాసన,
ఎవరో కాలుస్తున్న మక్కకంకి.
తెల్ల పిట్టలు మందలు మందలు, సలికాలానికి వచ్చినయట.
వాటికి కఫీల్ ఎవ్వడు, అన్నడు సాయిలు.
రొట్టె ముక్క విసిరితె గాలిలనే పట్టినయి.

అవతలి ఒడ్డుకు ఒక తెల్లామె
ఫోన్ నా చేతిల పెట్టి ఫొటో దియ్యమన్నది.
ముగ్గురు పిల్లలు, ఎనుక దీపాలు పెట్టుకున్న పట్నం,
ఓ మూలకు నా బొటనవేలు,
రాయి పడి నల్లబడ్డ గోరుతోటి.
సూసింది. నవ్వింది. మళ్ల తియ్యమనలే.

మేము గూడ దిగినం.
ఒకని ఎనుక ఒకడు, కోటు తొడిగి,
గుండీలు పెట్టి, కడుపు లోపటికి పీల్చి.
గుల్ జమాన్ వంతుకు ఫోన్ సచ్చింది.
"కోయీ బాత్ నహీ" అన్నడు,
కోటు దులుపుకొని సంకల పెట్టుకున్నడు.

నడిరాత్రి క్యాంపుల చార్జింగ్ పెట్టి
ఫొటోలు పంపిన.
సుగుణ మేల్కొనే ఉన్నది.
"అందరికి ఒక్క తీరు కోట్లు ఇచ్చిందా కంపెనీ?"
"ఆఁ" అన్న.
"మంచిగున్నది. నీకు భుజాల కాడ వదులైంది."
పక్క మంచం మీద గుల్ జమాన్
దాన్ని మొఖం మీదికి గుంజుకొని గురక పెడుతున్నడు.
తోలు అతుకు ఒక్కటే బయటికి కనబడుతున్నది.