తుడుసుడు

నోటీసు బోర్డు అద్దం పగిలి ఏడాదైంది.
అందుకే ఆ కాగితం వానకు తడిసింది:
సోలార్ శిక్షణ, ఆడపిల్లలకు ఇరవై సీట్లు, ఫీజు –
అక్కణ్ణుంచి సిరా కారిపోయింది.
కనిపించలేదు గనకే పేరిచ్చాను.

తొలిరోజు మల్టీమీటరు చేతికిస్తారనుకున్నా.
బకెట్టూ, పాత బనీను గుడ్డా ఇచ్చారు.
లైబ్రరీ డాబా మీద పలకల నిండా పావురాల రెట్టలు.
"ముందు ఇది చదవండి" అన్నారు బాలనర్సు సారు,
గొడుగు కింద నిలబడి.

తబస్సుమ్ నీళ్లు పోసింది, నేను రుద్దాను.
గాజులో మొదట మా మొహాలు తేలాయి,
వాటి వెనక, మెట్రో పోతున్న ఆకాశం.
ఇన్వర్టరు మీద అంకె కదిలింది –
రెండు వందల పది, రెండు వందల అరవై...
క్రికెట్ స్కోరు చూస్తున్నట్టు అరిచాం.
రెట్ట కింద ఇంత ఎండ పడి ఉందా!

రాత్రి బోరబండలో కరెంటు పోయింది.
చీకట్లోనే అన్నం పెడుతూ అడిగింది అమ్మ:
"ఏం నేర్పిండ్రే ఇయ్యాల?"
"తుడుసుడు."
ఎంత నవ్విందో.
"గది నన్నడిగితే నేర్పకపోదునా!
ఇరవై ఏండ్ల సంది మాదాపూర్ల గదే పని."

ఆమె తుడిచిన గచ్చులకు
ఎవరూ మీటరు బిగించలేదు.

పప్పులో ఉప్పు తక్కువైంది, చెప్పలేదు.
రేపు ఫీజెంతో అడగాలి.